‘ఆర్‌టీఈ బ్యాచ్’: మా స్టాఫ్ రూమ్ అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. జూన్‌లో పిల్లల ముఖాలు చూడకముందే లిస్టు చేతికొస్తుంది, అందులో కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న ‘ఆర్’. అంటే ఆర్‌టీఈ సీటు, విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకిచ్చే ఫ్రీ సీటు. ఇక ఏడాదంతా వాళ్లు మాకు ‘ఆర్‌టీఈ బ్యాచ్’.

అపోహ: అది మన గుర్తు కోసమే కదా, పిల్లలకేం పోయింది?

వాస్తవం: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల టేపులు విని తేల్చింది, చదువు రాదనుకున్న పిల్లల దగ్గరైతే ఇంకా తక్కువట. నేను నమ్మలేదు. ఓ రోజు నా క్లాసే ఫోన్‌లో రికార్డు చేసుకుని రాత్రి విన్నాను. డాక్టరుగారబ్బాయి నసుగుతుంటే “ఆలోచించు నాన్నా, పర్లేదు” అంటున్నాను. ‘ఆర్’ ఉన్న పిల్ల “మిస్, అదీ...” అనేలోపే “సరే కూర్చో, నెక్స్ట్”. నా గొంతే. పూర్తిగా వినలేక ఆపేశాను.

మన దగ్గరా ఇలాంటిదొకటి చేశారు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల అబ్బాయిలకు దారి కనుక్కునే పజిళ్లిచ్చారు. కులం ఊసెత్తనప్పుడు అందరూ ఇంచుమించు ఒకేలా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించినప్పుడు మాత్రం దళిత పిల్లలు వెనకబడ్డారు. పజిళ్లు మాత్రం అవే.

అపోహ: వీళ్లకు లాంగ్వేజ్ వీక్.

వాస్తవం: నేను కూర్చోబెట్టేసిన ఆ పిల్ల వాళ్లది అనంతపురం వైపు నుంచి బేల్దారి పనికొచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పక్కింటివాళ్లతో తమిళం, కిరాణా కొట్లో హిందీ. రానిదల్లా ఇంగ్లీషులో రాసిన లెక్క. డిస్కౌంట్ లెక్క దగ్గర ఆగిపోతే చెవిలో తెలుగులో అడిగాను, “మీ అమ్మ బేరమాడితే ఎంత తగ్గిందే?” అని (మా బడిలో అది రూలు తప్పడమే). కాగితం ముట్టకుండా చెప్పేసింది.

అపోహ: మన ఫీజులతో ఫ్రీగా చదువుతున్నారు.

వాస్తవం: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బళ్లలో చేరే తరగతిలో 25 శాతం సీట్లు వాళ్ల హక్కు (కర్ణాటక 2019లో దీన్ని దగ్గర్లో సర్కారు, ఎయిడెడ్ బడి లేని చోట్లకే పరిమితం చేసింది), ఆ ఖర్చు ప్రభుత్వం లెక్కగట్టి బడికిస్తుంది. అదీ 8వ తరగతి వరకే. తొమ్మిదిలో ఫీజు ఎలా కట్టాలన్న టెన్షన్ ఆ ఇళ్లలో ఏడు నుంచే మొదలవుతుంది.

అపోహ: పేరు మారిస్తే సరిపోతుంది.

వాస్తవం: మార్చి చూశాం. ‘ఫస్ట్ జనరేషన్ లెర్నర్స్’ (ఇంట్లో మొదటగా చదువుకుంటున్నవాళ్లు) అన్నాం, రెండు నెలల్లో అదీ పాత గొంతుతోనే పలికింది. ఆ గుర్తు ప్రభుత్వం నుంచి డబ్బు రాబట్టుకోవడానికి ఆఫీసుకు కావాలి, ఉండనివ్వండి. క్లాసులో నాకెందుకు?

మొన్న జూన్‌లో ‘ఆర్’లు లేని లిస్టివ్వమని ఆఫీసులో అడిగాను. క్లర్కు ప్రింట్ తీస్తూ అమాయకంగానే అడిగాడు, “మరి ఎవరు ఎవరో మీకెలా తెలుస్తుంది మేడమ్?”