పువ్వు రంగు గోడ మీదకొస్తే ఎందుకు మారిపోతుంది? ఇంటి అలంకరణలో కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇళ్లు అలంకరించడం నా వృత్తి. రంగుల కోసం షేడ్ కార్డు తెరవడానికి ముందు తోటలోకే వెళ్తాను. అందుకే ఎవరైనా చేతిలో పువ్వు పట్టుకొచ్చి "మా హాలు ఇలా ఉండాలండీ" అంటే నాకు ఎంతో సంతోషం. అయితే ఆ పువ్వులోంచి ఏం తీసుకోవాలి అన్న దగ్గరే చాలామంది పొరబడతారు. మొదట్లో నేనూ పొరబడ్డాను.

అపోహ: రేకును షేడ్ కార్డు పక్కన పెట్టి, కలిసిన రంగు గోడకు వేస్తే సరిపోతుంది.

నేను చేసిన పొరపాటు ఇదే. ఒకావిడ తన తోటలోని గులాబీ రేకు తెచ్చి ఇచ్చారు. దానికి బాగా దగ్గరగా ఉన్న షేడ్ ఎంచి నాలుగు గోడలకూ వేయించాను. రెండు రోజులకు ఆవిడ ఫోన్: "ఏమండీ, పగలు ఆ గదిలో కూర్చుంటే మా మొహాలు కూడా ఎర్రగా కనిపిస్తున్నాయి. రాత్రి లైట్లు తగ్గిస్తేనేమో గోడలు నల్లబడిపోతున్నాయి." వెళ్లి చూశాను. ఆవిడ అన్న రెండు మాటలూ నిజమే. మళ్లీ పెయింట్ వేయించాం.

వాస్తవం: పూలరేకు పలచగా ఉంటుంది. వెలుతురు దానిలోంచి దూరి వస్తుంది. పైగా చాలా పూలరేకుల పైపొర కణాలు చిన్న చిన్న శంకువుల్లా పొడుచుకుని ఉండి, వెలుగును లోపలి రంగు దాకా పంపిస్తాయి. మఖ్మల్‌ లాంటి ఆ నిండుతనం అక్కడిది. గోడకు ఆ ఏర్పాటు లేదు. అదీకాక ఎదురెదురు గోడలు ఒకదాని రంగును ఇంకొకదాని మీద పడేస్తుంటాయి. అందుకే షేడ్ కార్డులో నెమ్మదిగా కనిపించిన రంగు గదంతా పరుచుకునేసరికి ముదిరిపోతుంది.

ఇక రాత్రి సంగతి. మసక వెలుతురులో మన కన్ను ఎరుపును సరిగా పట్టుకోలేదు, నీలాన్ని, ఆకుపచ్చను బాగా పట్టుకుంటుంది. దీన్ని చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 19వ శతాబ్దం మొదట్లోనే గమనించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పొద్దుగూకే వేళ తోటలో ఓ పది నిమిషాలు నిలబడండి. ఎర్రపూలు ముందు నల్లబడతాయి. నీలిపూలు ఇంకా కాసేపు కనిపిస్తూనే ఉంటాయి.

అప్పటి నుంచి నేను పెద్ద అట్ట మీద రెండు కోటింగులు వేయించి, ఆరాక ఒక్కో గోడకూ ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూస్తున్నాను. రాత్రి చూసేది ఆ ఇంట్లో రోజూ వాడే బల్బు వెలుగులోనే. వెలుగు ఛాయను కెల్విన్లలో చెబుతారు: 2700 కెల్విన్ బల్బు కింద పసుపు ఛాయ, 6500 కెల్విన్ బల్బు కింద నీలి ఛాయ వస్తుంది. రంగు ఒకటే అయినా రెండు గదులు చూసినట్టుంటుంది.

అపోహ: పువ్వు ఎరుపైతే గదిలోనూ ఎరుపే ఎక్కువ ఉండాలి.

వాస్తవం: ఒక మందారాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. ఎర్ర పువ్వు అంటాం కానీ అందులో ఎన్ని ఎరుపులో! రేకు అంచు దగ్గర లేతగా, ఈనెల వెంట కాస్త ముదురుగా, మొదట్లో దాదాపు వంకాయ రంగు. మధ్యలోంచి సాగిన కాడ చివర పుప్పొడి పసుపు. కింద ఆకుపచ్చ గిన్నె. ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి మొక్కంతా చూడండి. ఎక్కువ భాగం ఆకుపచ్చ. తర్వాత కొమ్మల గోధుమ రంగు. ఎరుపు ఉన్నది నాలుగైదు చోట్లే. పసుపు చుక్కలు ఇక కనిపించవు కూడా.

మా వృత్తిలో 60-30-10 అనే లెక్క ఒకటుంది. గదిలో 60 పాళ్లు ప్రధాన రంగు, 30 పాళ్లు తోడు రంగు, 10 పాళ్లు మెరుపు రంగు. మొక్క దాదాపు అదే చూపిస్తోంది. గోడలకు ఆకుల వెనకవైపు ఉండే లేత బూడిద పచ్చ, సామానుకు కొమ్మ రంగు, రెండు కుషన్లకో ఒక కుర్చీకో మందారపు ఎరుపు ఇవ్వండి. ఆ ఎరుపు అప్పుడు చెట్టు మీద వెలిగినట్టే గదిలోనూ వెలుగుతుంది.

దీని వెనక ఒక పాత కథ ఉంది. ఫ్రాన్స్‌లోని గోబెలిన్స్ నేతశాలలో నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చేవి. అక్కడ అద్దకాల విభాగం చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ పరిశీలిస్తే, తప్పు నల్లరంగుది కాదు, దాని పక్కన నేసిన రంగులదని తేలింది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ ఆయన 1839లో పుస్తకం వేశాడు. ఆకుపచ్చ పక్కన ఎరుపు మరింత ఎర్రగా కనిపించడానికి కారణం ఇదే. పువ్వును తెచ్చుకుని ఆకును వదిలేస్తే ఆ పువ్వులో సగం వదిలేసినట్టే.

అపోహ: కాలం మారినప్పుడల్లా ఇల్లంతా మార్చాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఇల్లు దానంతటదే సగం మారుతుంది. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్ల, సమశీతోష్ణ ప్రాంతాల్లో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు నడి వేసవికీ నడి చలికాలానికీ మధ్య దాదాపు 47 డిగ్రీలు మారుతుంది. వేసవిలో కిటికీ దగ్గరే ఆగిపోయిన ఎండ చలికాలంలో వాలుగా వచ్చి గది లోపలి దాకా పాకుతుంది. ఆ ఎండ ఎక్కడి దాకా వచ్చిందో చూసి కుర్చీ ఒక్కటి జరిపినా గది కొత్తగా అనిపిస్తుంది. మార్చాలనిపిస్తే ఆ 10 పాళ్ల వస్తువులే మార్చండి: కుషన్ కవర్లు, దుప్పటి, కర్టెన్, పూలకుండీ.

అపోహ: ఫ్లవర్ వాజ్‌లో నాణెమో చక్కెరో వేస్తే పూలు ఎక్కువ రోజులుంటాయి.

వాస్తవం: చక్కెర ఒక్కటే వేస్తే బ్యాక్టీరియా పెరిగి కాడ మూసుకుపోతుంది. నాణెం వల్ల ఒరిగేదేమీ లేదు. కాడను పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. పండిన పళ్ల పక్కన మాత్రం పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు చాలా రకాల పూలను త్వరగా వాడిపోయేలా చేస్తుంది.

అపోహ: నాలుగు కుండీలు పెడితే గదిలో గాలి శుభ్రపడుతుంది.

వాస్తవం: 1989లో నాసా చేసిన ప్రయోగాల నుంచి ఈ మాట పాకింది. అవి మూసేసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాలు. ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి 2019లో లెక్కకడితే, మామూలు ఇంట్లో గాలి రాకపోకల వల్ల జరిగేపాటి శుభ్రం జరగాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. కిటికీ తెరవడం ఎంతో మేలు. మొక్కను దాని అందం కోసమే పెట్టుకోండి, అది చాలదా?

అపోహ: తోటలో అన్నీ విరగబూసినప్పుడే కొత్త ఆలోచనలు వస్తాయి.

వాస్తవం: నాకు బాగా పనికొచ్చినవి పూలు అయిపోయాక దొరికిన రంగులే. తోట కూడా అక్కర్లేదు, ఒక్క కుండీ చాలు. మొగ్గ, పువ్వు, కాయ, ఎండిన కాడ... ఒకే మొక్కను ఏడాది పొడుగునా చూసి నెలనెలా ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. నా బల్ల మీద ఇప్పుడొక హైడ్రేంజియా పూల గుత్తి ఉంది. కోసినప్పుడు నీలం. ఎండేకొద్దీ అంచులు పాచి రంగుకు తిరిగాయి, లోపల పొగమంచు లాంటి ఊదా మిగిలింది. మొన్న ఒక పడకగదికి గోడలు ఆ పాచి రంగులో, దుప్పటి ఆ ఊదాలో ఎంచాను. అట్టలు ఆరుతున్నాయి. రేపు పొద్దున్నే తీసుకెళ్లి కిటికీ పక్క గోడకు ఆనించి చూడాలి.