కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐస్‌క్రీం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మా ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన కొన్నాళ్లకు వీధి కొట్టులో ఐస్‌క్రీం కొన్నాను. డబ్బా రాయిలా ఉంది. మూత తీస్తే పైన ఐసు పలుకులు, అడుగున పాకం.

చందమామ దక్షిణ ధ్రువం దగ్గర ఎండ పొడ ఎరగని గోతుల్లోంచి మట్టి తేవాలనుకునేవాళ్ల టెన్షన్ అచ్చం ఇదే. అక్కడ మైనస్ 200 డిగ్రీల దాకా చలి. ఆ మట్టిలో నీరుందని 2009లో నాసా ఎల్‌క్రాస్ ప్రయోగం చూపింది. దారిలో కాస్త వెచ్చబడిందా, తేలిగ్గా ఆవిరయ్యేవి ముందే మట్టిని వదిలేస్తాయి, కరిగిన నీరు ఖనిజాలతో కలిసి వాటినే మార్చేస్తుంది. తర్వాత ఎంత చల్లబరిచినా పాత మట్టి తిరిగి రాదు. 1972లో అపోలో 17 తెచ్చిన మట్టిలో కొంత ఫ్రీజర్‌లో పెట్టి, 50 ఏళ్లకు గానీ బయటికి తియ్యలేదు. కానీ దాన్ని గడ్డకట్టించింది కూడా నాసా కేంద్రం ఉన్న హ్యూస్టన్ చేరాకే.

నిజానికి అంతరిక్షంలో ప్రయాణం సులువే. శూన్యమంటే పెద్ద ఫ్లాస్కు, ఎండకు అడ్డం పెడితే చాలావరకు సరిపోతుంది. చిక్కంతా ఆఖరి గంటల్లో. భూమి గాలిలోకి దూసుకొచ్చేటప్పుడు మట్టి తెచ్చే నౌక కవచం 2,000 డిగ్రీలు దాటి కాలుతుంది. నేల మీద పడ్డాక కూడా ఆ వేడి మెల్లగా లోపలికి పాకుతూనే ఉంటుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఎవరు కాపలా?

దీనికి జవాబు భావనపాడులో చేపల పెట్టె సర్దేవాళ్లకు తెలుసు. పెట్టె నిండా దంచిన ఐసు. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్లు చాలు, కిలో ఐసు కరగాలంటే 334 కావాలి. అందుకే ఐసు మిగిలున్నంతసేపు దాన్ని ఆనుకున్న చేప సున్నా దగ్గరే ఉంటుంది. కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు కలిపి దాన్ని మైనస్ 21 దాకా దించగలడు. ఇంజినీర్ల ఆలోచనా ఇదే: ఇంకా తక్కువ చలిలో కరిగే పదార్థాన్ని మట్టి చుట్టూ పెట్టి, దారిలోనే గడ్డకట్టించి ఉంచడం. బరువే బాధ.

ఒకసారి మాత్రం ఈ తిప్పలేవీ లేకుండా పనైపోయింది. 2000 జనవరిలో కెనడాలో గడ్డకట్టిన టాగిష్ సరస్సు మీద ఉల్క ముక్కలు పడ్డాయి. అక్కడి ఒకాయన చెయ్యి తగలకుండా ప్లాస్టిక్ సంచుల్లోకి ఎత్తి ఫ్రీజర్‌లో పెట్టాడు. తర్వాత వాటిలో ఫార్మిక్ ఆమ్లం బాగా దొరికింది, కొన్ని రకాల చీమలు కుడితే మండించేదే అది. ఇట్టే ఆవిరైపోయే సరుకు, చలిలో ఉండబట్టి మిగిలింది. ఆయన ఇంట్లో కరెంటు పోలేదు మరి.