రాయి పుట్టుక చెప్పే ఆక్సిజన్

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ జాతీయ స్మారకంగా గుర్తించిన రాతికోత ఒకటుంది. కింద ఆర్కియన్ కాలపు (250 కోట్ల ఏళ్లకు పూర్వపు) గ్రానైట్, నైస్ అనే చారల రాయి. పైన నగరి క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి. నడుమ కోట్లాది ఏళ్ల విరామం. పైదాని పుట్టుక గురించి పేచీ లేదు, ఇసుక పొరలు ఇప్పటికీ కంటికి ఆనతాయి. చిక్కంతా నైస్‌లాంటి రూపాంతర శిలలతోనే, అంటే వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాళ్లతోనే. శిలాద్రవం చల్లారి ఏర్పడిన రాయైనా, నీటి అడుగున పేరుకున్న బురదైనా, భూమి లోతుల్లో మగ్గితే చివరికి నైస్‌గానే తేలవచ్చు.

పాత ఖనిజాలు మారిపోయినా ఆక్సిజన్ మిగులుతుంది. భూపటలం బరువులో దాదాపు సగం అదే. దానిలో బరువైన రకం, ఆక్సిజన్-18, ఉందని 1929లో తేలింది. ఉష్ణోగ్రతను బట్టి ఇలా బరువు తేడా ఉన్న రకాల (ఐసోటోపుల) పంపకం మారుతుందని 1947లో రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ లెక్కగట్టాడు. అయితే రాతిలో సిలికాన్ పట్టులోంచి ఆక్సిజన్‌ను పూర్తిగా లాగడం మాటలు కాదు. బ్రోమిన్ పెంటాఫ్లోరైడ్‌తో ఆ పని చేసే పద్ధతిని రాబర్ట్ క్లేటన్, తోషికో మయేడా 1963లో ప్రచురించారు. మయేడా యూరీ ప్రయోగశాలలో చేరింది గాజుసామాను కడిగే పనికి! ఈ చరిత్రలో నాకు బాగా నచ్చేది ఆమె కథే.

సముద్రపు నీటితో పోలిస్తే భూప్రావారం (పటలం కింది పొర, మాంటిల్) నుంచి వచ్చిన రాతిలో ఆక్సిజన్-18 వెయ్యికి సుమారు 5.5 వంతులు ఎక్కువ. నేలమీద చల్లని నీటిలో పుట్టిన బంకమన్నులో ఆ తేడా తరచు 15 దాటుతుంది. బయటి ద్రవాలు చొరబడకపోతే, రాయి రూపం మారినా మొత్తం మీద ఈ అంకె పెద్దగా చెదరదు. చొరబడితే మాత్రం చెదురుతుంది, అక్కడే వాదాలు మొదలవుతాయి.

ఆ ద్రవాల ఆచూకీకి హీలియం వాడతారు. హీలియం-4తో పోలిస్తే హీలియం-3 వాటా ప్రావారంలో ఎక్కువ, ఖండాల పటలంలో బాగా తక్కువ. కానీ మన ప్రాంతపు పాతరాళ్లకు ఇది అంతగా అక్కరకు రాదు. కుప్పం వైపు, 2001లో మూతపడ్డ చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్న కోలార్ శిలామేఖలనే చూడండి. లావా నుంచి రూపాంతరం చెందిన అక్కడి యాంఫిబొలైట్ల వయసు దాదాపు 270 కోట్ల ఏళ్లు. అంతకాలం యురేనియం, థోరియం విచ్ఛిన్నమవుతూ హీలియం-4ను పోగేస్తే అసలు నిష్పత్తి మరుగున పడుతుంది. అక్కడ ఆక్సిజనే దిక్కు. దానికీ పైపై రాయి పనికిరాదు. వానకు నాని శిథిలమైన రాతిలో వాననీటి ఆక్సిజన్ కలిసి ఉంటుంది కాబట్టి, నమూనా లోతు నుంచి తీయాల్సిందే.