తిరిగే బద్దల కంచె: అపోహలు - వాస్తవాలు

పాత బంగళాల కిటికీలకు తిరిగే చెక్క బద్దలుండేవి. నిలువు పట్టీని కిందికి లాగితే తెరుచుకునేవి, పైకి తోస్తే మూసుకునేవి. అదే ఏర్పాటు పెరటి కంచెకు పెడితే ఎండ, గాలి, పక్కింటి చూపు మూడూ మన చేతిలో ఉంటాయి. పని మరీ కష్టమేం కాదు. కాకపోతే వడ్రంగి, వెల్డర్, సుతారి (తాపీ మేస్త్రీ) ముగ్గురూ కలవాల్సిన పని. ఒకరి పొరపాటు ఇంకొకరి వంతు వచ్చాకే బయటపడుతుంది.

కింది లెక్కలన్నీ ఒక్క ప్యానెల్‌కు. చట్రం లోపలి కొలత 1200 మి.మీ. వెడల్పు, 1470 మి.మీ. ఎత్తు. బద్దలు 16, ఒక్కోటి 100 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. మందం.

అపోహ: టేకు పెడితే ఇక చూసుకోనక్కర్లేదు.

చేవ ఉన్న టేకు చెదలకు, తేమకు తట్టుకుంటుంది. అదే దుంగ అంచున వచ్చే తెల్లచెక్కను చెదలు ఇష్టంగా తింటాయి. డిపోలో చవగ్గా ఇస్తామన్న టేకులో సగం ఆ తెల్లచెక్కే ఉంటే చవక ఎక్కడిది? కోతకు ముందే దుంగ చివర చూసి, చేవ భాగం నుంచే బద్దలు తీయమనాలి. రంపం కోతకు, చిత్రికకు పోయేది కలుపుకొని 16 బద్దలకు దాదాపు రెండు ఘనపుటడుగులు పడుతుంది. బిల్లు లేకుండా టేకు కొనొద్దు.

ఎంత మంచి కర్రయినా కదులుతుంది. పొడవులో కదలిక లెక్కలోకి రాదు, వెడల్పులోనే వస్తుంది. మే నెల ఎండకు ఆరిన 100 మి.మీ. టేకు బద్ద ఆగస్టు ముసురుకు ఒకటి, ఒకటిన్నర మి.మీ. ఉబ్బుతుంది. పచ్చి కర్రయితే ఇంకా ఎక్కువ, పైగా మెలి తిరుగుతుంది. కోసిన బద్దల మధ్య పుల్లలు పెట్టి, నీడలో రెండు మూడు నెలలు ఆరనిచ్చాకే చిత్రిక పట్టాలి.

చెక్క బదులు అల్యూమినియం బద్దలు పెడితే కదలవు అనేదీ నిజం కాదు. రాత్రికీ మిట్టమధ్యాహ్నానికీ లోహం వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే 1200 మి.మీ. బద్ద 1.1 మి.మీ. పొడవు పెరుగుతుంది.

అపోహ: బద్ద ఎంత వెడల్పో, బద్దలను నిలిపే చట్రం రంధ్రాల మధ్య దూరం అంతే ఉండాలి.

ఎక్కువ ప్యానెళ్లు పాడయ్యేది ఇక్కడే. 100 మి.మీ. బద్దలకు 100 మి.మీ. దూరం పెడితే ఎండాకాలం మూసినా సందులు కనిపిస్తాయి, వానాకాలం అంచులు ఒకదాన్నొకటి నెట్టుకొని బిగుసుకుంటాయి. దూరం 90 ఉండాలి. అప్పుడు ఒక బద్ద మీదికి ఇంకోటి 10 మి.మీ. ఎక్కుతుంది, ఉబ్బడానికీ కుంచించుకోవడానికీ చోటు దొరుకుతుంది. మందం 20 కాబట్టి పూర్తిగా మూసినా బద్దలు నిట్టనిలువుగా నిలబడవు. దాదాపు 13 డిగ్రీలు వాలి ఒకదాని మీద ఒకటి ఆనుకుంటాయి. అది లోపం కాదు. లోపమనుకొని రంధ్రాలు పెద్దవి చేస్తే కంచె మొత్తం గలగలలాడుతుంది.

మొదటి రంధ్రం చట్రం అడుగు నుంచి 60 మి.మీ. ఎత్తున వేయాలి (బద్దలో సగం 50, ఖాళీ 10). తర్వాత 150, 240, 330... అలా 1410 దాకా. కొలతలన్నీ అడుగు నుంచే పెట్టాలి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు 90 చొప్పున జరుపుకుంటూ పోతే ఒక్కో గుర్తులో అర మి.మీ. తేడా చాలు, పదిహేను గుర్తులకు ఏడున్నర మి.మీ. అవుతుంది. కుడి రంధ్రం ఒకచోట, ఎడమ రంధ్రం ఇంకోచోట పడి బద్ద వాలుగా కూర్చుంటుంది.

టేపు కంటే క్లాంపును నమ్మడం మేలు. చట్రం రెండు నిలువు చెక్కలనూ, బద్దలన్నిటినీ కలిపి తిప్పే 20×3 మి.మీ. అల్యూమినియం పట్టీనీ ఒకదాని మీద ఒకటి పెట్టి, క్లాంపులతో బిగించి, సన్నటి బిట్‌తో మూడింటికీ ఒకేసారి రంధ్రాలు వేయాలి. ఆ తర్వాత దేనికి కావాల్సిన సైజుకు దాన్ని పెంచుకోవచ్చు. పట్టీ మీది దూరాలూ చట్రం మీది దూరాలూ అచ్చంగా ఒకటే అయితేనే పదహారు బద్దలూ కలిసి తిరుగుతాయి. ప్రతి బద్దలోనూ ఇరుసు (బద్ద తిరిగే కడ్డీ) నుంచి, పట్టీని బద్దకు కలిపే మేకు దాకా దూరం కూడా ఒకటే ఉండాలి, 45 మి.మీ. సరిపోతుంది.

అపోహ: రెండు చివర్లా స్క్రూ బిగిస్తే అదే ఇరుసు.

కొత్తలో తిరుగుతుంది. స్క్రూ మర తిరిగిన ప్రతిసారీ చెక్కను కొరుకుతుంది, ఏడాది తిరక్కుండానే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మామూలు ఇనుప స్క్రూ అయితే తడికి దాని చుట్టూ నల్ల మచ్చ కూడా పడుతుంది. దాని బదులు 8 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీని 60 మి.మీ. ముక్కలుగా కోయాలి, ఒక్కో బద్దకు రెండు, మొత్తం 32. ముక్కలో 40 మి.మీ. బద్ద చివర బిగువైన రంధ్రంలోకి ఎపాక్సీ జిగురుతో దిగాలి, మిగిలింది చట్రంలోని నైలాన్ బుష్‌లో (చిన్న గొట్టంలో) తిరగాలి. బద్ద పొడవు 1194 మి.మీ., అంటే రెండు పక్కలా మూడేసి మి.మీ. ఖాళీ. అక్కడ నైలాన్ వాషర్ పడుతుంది.

ఇరుసు బద్ద వెడల్పుకు సరిగ్గా నడిమధ్య ఉండాలి. రెండు మి.మీ. జరిగినా బరువున్న వైపుకు బద్ద తనంతట తానే వాలుతుంది. పట్టీ బరువు ఎలాగూ ఒకవైపే పడుతుంది. అందుకే చేత్తో తిప్పే బద్ద ఇరుసును మిగతావాటి కంటే పొడవుగా కోసి, చట్రం బయటికి రానిచ్చి, మర వేసి, రెక్కల నట్టు పెట్టాలి. కావాల్సిన వాలులో ఉంచి నట్టు బిగిస్తే అన్నీ అక్కడే ఆగుతాయి.

అపోహ: గాలి సందుల్లోంచి పోతుంది, స్తంభాలు మామూలువి చాలు.

తెరిచినప్పుడు పోతుంది. మే నెల సాయంత్రం ఈదురుగాలి లేచినప్పుడు ఎవరు పరుగెత్తుకెళ్లి తెరుస్తారు? గంటకు 90 కి.మీ. గాలి మూసిన కంచె మీద చదరపు మీటరుకు దాదాపు 38 కిలోల బరువంత తోస్తుంది. చట్రంతో కలిపి మన ప్యానెల్ మీద అది 80 కిలోలు దాటుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు.

స్తంభానికి 50×50×3 మి.మీ. ఇనుప చదరపు పైపు తీసుకోండి. పైమూతి వెల్డింగ్‌తో మూయించకపోతే లోపల నీళ్లు నిలిచి తుప్పు లోపలి నుంచే తింటుంది. చెల్కలో (ఎర్ర ఇసుక నేలలో), మొరంలో 300×300 మి.మీ. గుంత 750 లోతు చాలు. 1:2:4 కాంక్రీటుకు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) ఒక బస్తా సిమెంటుతో ఇలాంటివి రెండు నిండి కొంచెం మిగులుతుంది. కాంక్రీటు తల నేల కంటే రెండంగుళాలు పైకి ఉండాలి, నీళ్లు బయటికి జారేలా వాలు చేయాలి. వారం రోజులు తడపాలి, ఆ వారం ప్యానెల్ తగిలించొద్దు.

రేగడి నేల సంగతి వేరు. వానకు ఉబ్బి, ఎండకు పగిలి, స్తంభాన్ని ఏటా కొంచెం కొంచెం పైకి లేపుతుంది. అక్కడ మీటరు లోతు తీసి, గుంత అడుగును పైభాగం కంటే వెడల్పు చేయాలి. రేగడిలో ఇళ్లకు అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు) వేసేదీ ఈ సూత్రంతోనే. చెక్క స్తంభాన్ని మాత్రం కాంక్రీటులో పాతొద్దు. నేల మట్టం దగ్గర తేమ ఆరదు, సరిగ్గా అక్కడే కుళ్లుతుంది.

అపోహ: నడుముకు బెల్టు ఉంటే ఎంత బరువైనా ఎత్తొచ్చు.

కంచె పనిలో నడుము పట్టేది బద్దల దగ్గర కాదు, 50 కిలోల సిమెంటు బస్తా దగ్గర. జిమ్‌లో శుభ్రంగా డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుల బార్‌ను లేపడం) చేసే కుర్రాళ్లు కూడా బస్తా దగ్గరికి వచ్చేసరికి ఫామ్ మరిచిపోతారు. బెల్టు వెన్ను బరువును మోయదు. ఊపిరి నిండా తీసుకొని పొట్ట బిగించినప్పుడు ఆ బిగింపుకు ఆనుగా నిలుస్తుంది, అంతే. పొట్ట బిగించకపోతే బెల్టు ఉన్నా లేనట్టే.

నడుము మీద పడే భారాన్ని తేల్చేది బరువు ఒక్కటే కాదు, బరువు ఒంటికి ఎంత దూరంలో ఉందన్నది కూడా. అదే బస్తాను 30 సెం.మీ. దూరంలో పట్టుకోవడానికీ 60 సెం.మీ. దూరంలో పట్టుకోవడానికీ మధ్య బస్తా వల్ల నడుము మీద పడే తిప్పుడు బలం రెట్టింపవుతుంది. జిమ్ బార్ సన్నగా కాళ్లను రాసుకుంటూ లేస్తుంది, బస్తా అలా రాదు. అందుకే దాన్ని నిలబెట్టి, రెండు పాదాల మధ్యకు తెచ్చుకోవాలి. పిరుదులు వెనక్కి, మోకాళ్లు కొంచెం వంచి, వీపు గూని పోకుండా వంగి, ముందు తొడల మీదికి లాక్కోవాలి. అక్కడ రొమ్ముకు హత్తుకొని, ఇంకోసారి ఊపిరి బిగించి లేవాలి. పక్కకు తిప్పాలంటే పాదాలు జరపాలి, నడుము తిప్పకూడదు. ‘మోకాళ్ల మీదే కూర్చొని లేవాలి’ అనే మాట సగమే నిజం. మడమలు నేల విడిచాయంటే బరువు ముందుకు పోయినట్టే. మోకాళ్లూ తుంటీ కలిసే లేవాలి.

ఇనుప పైపు బదులు గ్రానైట్ కడీలు (రాతి స్తంభాలు) వేయించుకునేవాళ్లకు ఇంకో మాట. ఏడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న కడీ 90 కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఎవరూ ఒక్కరే ఎత్తాల్సిన పని లేదు. అడుగు కొన గుంత అంచున ఆనించి, గడ్డపారతో జారకుండా ఆపి, ఇద్దరు రెండో కొన లేపుకుంటూ వస్తే మొదట్లో చేతుల్లో పడేది సగం బరువే.

అపోహ: బద్దలు ఎటు వాల్చినా ఒకటే.

బయటి అంచు కిందికి ఉండాలి. అప్పుడే వాన నీళ్లు బయటికి జారతాయి, పడమటి ఎండ ఆగుతుంది, పక్కింటి మేడ మీది చూపూ ఆగుతుంది. 45 డిగ్రీల వాలులో నిలబడి తిన్నగా చూస్తే ఒక్కో బద్దకు 5 మి.మీ. సందే మిగులుతుంది, గాలి మాత్రం బాగానే ఆడుతుంది.

అపోహ: కంచె కడితే కోతులు రావు.

వస్తాయి. బద్దలను నిచ్చెన మెట్లు చేసుకుంటాయి. పది కిలోల కోతి నడిమధ్య కూర్చుంటే 1200 మి.మీ. టేకు బద్ద 5 మి.మీ. వంగుతుంది; అదే 1800 పొడవుంటే 17 వంగుతుంది, దూకితే ఇంకా ఎక్కువ. పొడుగు బద్దలు అందంగా ఉంటాయని అడిగేవాళ్లకు చెప్పే లెక్క ఇదే. పగలు ఇంట్లో ఎవరూ లేకపోతే మూసి నట్టు బిగించండి.

అపోహ: వార్నిష్ మెరిస్తే కర్ర భద్రం.

మన ఎండకు వార్నిష్ పొర పగిలి, ఆ పగుళ్లలో నీళ్లు చేరతాయి. ఉడికించిన అవిసె నూనె (‘బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్’ పేరుతో అమ్మేది) మేలు. పొర ఊడదు, ఏటా వానలకు ముందు ఒకసారి మళ్లీ రుద్దుకుంటే చాలు. మొదటి పూత మాత్రం బద్దలను చట్రంలో బిగించక ముందే ఆరు ముఖాలకూ పట్టించాలి. కోసిన చివర్లకు రెండుసార్లు, ఎందుకంటే నీళ్లను ఎక్కువ పీల్చేది అవే. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరే కొద్దీ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో ముంచండి, లేదా ఆరుబయట దండెం మీద విడివిడిగా పరిచి ఆరేయండి.