టైరు వేడెక్కేలోపే మలుపు వస్తుంది

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున వికారాబాద్‌లో టీ కోసం అరగంట ఆగి, అనంతగిరి గుట్టల వైపు బయల్దేరాం. గుట్ట ఎక్కే మలుపుల్లో రెండోదాంట్లోనే నా బండి వెనక చక్రం జర్రున జారింది. వేగం నలభై కూడా లేదు. రోడ్డు మీద ఇసుక లేదు, తడి లేదు. చక్రం జానెడు పక్కకు వెళ్లి మళ్లీ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. పక్కన ఆపి హెల్మెట్ తీశాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ టైరు వేయించి వారం కూడా కాలేదు. షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే మెత్తనిది, రేస్ టైరుకు దగ్గరి చుట్టం. "దీన్ని మించిన గ్రిప్ ఇంకోదానికి లేదన్నా" అన్నాడు షాపతను. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ గ్రిప్ టైరు బాగా వేడెక్కిన తర్వాత వచ్చేది. అక్కడే వంగి టైరు మీద చెయ్యి పెట్టి చూశాను. మధ్యలో గోరువెచ్చగా ఉంది, అంచులు మాత్రం చల్లగా రాయిలా ఉన్నాయి. మలుపులో బండి వాలినప్పుడు రోడ్డుకు తగిలేది ఆ అంచులే.

కొత్త టైర్లు వేయించేటప్పుడు చాలామందిలాగే నేనూ మెత్తనిదైతే మంచిదనుకున్నాను. అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఈ రబ్బరు ఎంత వేడి దగ్గర బాగా పని చేస్తుంది? నేను తిరిగే రోడ్ల మీద అది అంత వేడెక్కుతుందా?

రబ్బరు రోడ్డును రెండు రకాలుగా పట్టుకుంటుంది. మొదటిది అంటుకోవడం. రబ్బరు అణువులు రాతి అణువులకు బాగా దగ్గరగా వచ్చి, విడిపోతూ మళ్లీ అతుక్కుంటూ ఉంటాయి. రెండోదాన్ని అర్థం చేసుకోవాలంటే తారు రోడ్డుకు ముఖం దగ్గరగా పెట్టి చూడాలి. నున్నగా కనిపించే రోడ్డు నిండా కంకర మొనలు ఉంటాయి. టైరు రబ్బరు ఒక్కో మొన మీద కిందికి దిగి, దాని చుట్టూ ఒదిగి, మొన దాటాక తిరిగి లేస్తుంది. అలా లేవడంలో కాస్త ఆలస్యం చేస్తుంది. అందుకే మొనకు ముందు వైపు రబ్బరు గట్టిగా నొక్కుతుంది, వెనక వైపు అంతగా నొక్కదు. జారకుండా ఆపే బలంలో పెద్ద వాటా ఈ తేడాదే. నేలకేసి కొడితే అంతే ఎత్తు ఎగిరే బంతి తీసుకున్న శక్తినంతా తిరిగి ఇచ్చేస్తుంది. అలాంటి రబ్బరుతో ట్రెడ్, అంటే టైరులో రోడ్డుకు ఆనే పైపొర, చేస్తే రోడ్డు మీద నిలవదు. మనకు కావలసింది శక్తిని కొంత తనలోనే ఉంచుకుని వేడిగా మార్చుకునే రబ్బరు.

ఇక్కడే వేడి సంగతి వస్తుంది. పల్లీ చిక్కీ చేసేటప్పుడు చూడండి. పాకం వేడిగా ఉన్నంతసేపు ఎటు వంచితే అటు వంగుతుంది. అదే పాకం ఆరాక టప్పున విరుగుతుంది, గాజులాగా. రబ్బరుకూ అలా గాజులా మారిపోయే ఒక ఉష్ణోగ్రత ఉంది. ట్రెడ్ రబ్బరుకు అది సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది, మన ఊళ్లలో అంత చలి ఎప్పుడూ రాదు. అయితే టైరు జారబోయే క్షణంలో కంకర మొనలు ట్రెడ్‌ను సెకనుకు వేల సార్లు, సన్నటి గరుకు దగ్గర లక్షల సార్లు కొడతాయి. అంత వేగంగా కదలడానికి పొడవాటి గొలుసుల్లాంటి రబ్బరు అణువులకు వ్యవధి చాలదు. రబ్బరు దృష్టిలో వేగంగా కొట్టడమూ, చలిలో ఉండటమూ ఒకటే. మామూలు చలికాలపు పొద్దున కూడా కొన్ని రబ్బరు మిశ్రమాలు బిగుసుకుపోయేది అందుకే.

ఏ వేడి దగ్గర రబ్బరు బాగా ఒదగాలో, ఎంత ఆలస్యంగా లేవాలో టైరు తయారుచేసేవాళ్లే మిశ్రమంతో నిర్ణయిస్తారు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ బైకు రేస్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, రేస్ మొదలయ్యే ముందు చక్రాలకు దుప్పట్లు చుట్టి ఉంచుతారు. అవి కరెంటుతో వేడెక్కే దుప్పట్లు. అక్కడి రబ్బరు వంద డిగ్రీల చుట్టుపక్కల పని చేయడానికి కలిపినది. ట్రాక్ మీద ప్రతి మలుపులో గట్టిగా బ్రేకు వేసి, గట్టిగా థ్రాటిల్ తిప్పుతారు కాబట్టి ఆ వేడి తగ్గదు. మన రోడ్డు మీద గంటసేపు నేరుగా వెళ్లి, టోల్ గేటు దగ్గర ఆగి, టీ తాగి, అప్పుడు మలుపులోకి వెళ్తాం.

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ రోడ్డు మీద ఈ బాధ అంతగా ఉండదు. తారే కాలిపోతూ ఉంటుంది. ఇబ్బందంతా చలికాలపు పొద్దున్నల్లో, తొలకరి వానలో. వానలో ఇంకో చిక్కు కూడా ఉంది. రబ్బరుకీ రాయికీ మధ్య నీటి పొర చేరితే అంటుకోవడం దాదాపు పోతుంది, కంకర మొనల మీద ఒదిగే పనే మిగులుతుంది. ట్రెడ్‌లో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, పొడిగా కలపడం మొదలుపెట్టింది ఇందుకే. టైరుకు నలుపు తెచ్చే కార్బన్ బ్లాక్, అంటే మసి, రబ్బరుకు బలమిస్తుంది. సిలికా తడిలో పట్టు పెంచుతూనే, మామూలుగా దొర్లేటప్పుడు శక్తి వృథా కాకుండా చూస్తుంది. 1990ల మొదట్లో మిషెలిన్ కార్ల టైర్లతో ఈ దారి చూపించింది, తర్వాత బైకు టైర్లకూ వచ్చింది.

వెడల్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికోసం డబ్బు తగలేసేవాళ్లను రోజూ చూస్తున్నాను. లావు టైరు వేస్తే రోడ్డుకు ఎక్కువ రబ్బరు తగులుతుందని నమ్మకం. లెక్క వేద్దాం. బండి, మనిషి కలిపి 240 కిలోలు, వెనక చక్రం మీద సగం, 120 కిలోలు. లోపల గాలి 30 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు. 120ని 2.1తో భాగిస్తే 57 చదరపు సెంటీమీటర్లు. రోడ్డుకు ఆనేది ఇంచుమించు అంతే, అరచేతి కన్నా చిన్నది. 150 మిల్లీమీటర్ల వెడల్పు టైరు వేసినా 160ది వేసినా బరువూ గాలీ మారవు కాబట్టి రోడ్డుకు ఆనే ఆ మచ్చ విస్తీర్ణమూ పెద్దగా మారదు, ఆకారమే మారుతుంది. పైగా టైరు లావైతే అదే మలుపును అదే వేగంతో తిరగడానికి బండిని ఇంకాస్త వాల్చాలి. సన్నటి రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి, కంపెనీ గీసిన గుండ్రని వంపు కాస్తా చెడుతుంది. కంపెనీ ఇచ్చిన సైజే వేయించండి, ఇందులో నాకు రెండో మాట లేదు. సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, 150/60 జెడ్ఆర్ 17 66 డబ్ల్యూ అని ఉంటే చివరి 66 అంటే 300 కిలోల బరువు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్లు తట్టుకోగలదని. పాత టైరు మీద ఉన్న ఈ రెండిటికీ తక్కువది వేయించకూడదు. ముందు రేడియల్ (లోపలి దారాలు అడ్డంగా సాగేది), వెనక బయాస్ (దారాలు ఏటవాలుగా సాగేది) కలిపి వేయడమూ మంచిది కాదు.

హైవే మీదే ఎక్కువ తిరిగే బండి టైరు మధ్యలో చదునుగా అరిగిపోతుంది. అరచెయ్యి అడ్డంగా పెట్టి జరిపితే ఆ చదును చివర ఒక అంచు చేతికి తగులుతుంది. బండిని వాల్చేటప్పుడు ఆ అంచు దాటగానే బండి ధబాలున పడిపోతున్నట్టు అనిపిస్తుంది. దీనికి విరుగుడుగానే మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తని రబ్బరు ఉన్న టైర్లు వచ్చాయి. వాటిలో స్పోర్ట్ టూరింగ్ టైర్లు అనే రకానికి గాడులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి నీటినీ బాగా తోసేస్తాయి. టీవీఎస్ వాళ్లు 2020 నుంచి అపాచీ ఆర్ఆర్ 310కి ఈ కోవలోని మిషెలిన్ రోడ్ 5 వేసి అమ్మారు, ట్రాక్ మీద కూడా తిప్పమని తీసిన బండికి. అదే ఏడాది జూన్‌లో విదేశీ టైర్ల దిగుమతి మీద కేంద్రం ఆంక్ష పెట్టాక నచ్చిన టైరు దొరకడం కష్టమైంది. అపోలో ఆల్ఫా హెచ్1 లాంటి మన రేడియల్స్ వైపు చాలామంది తిరిగారు. నేనూ ఆ మెత్తని టైరు తీసేసి స్పోర్ట్ టూరింగ్‌కే మారాను.

షాపులో డబ్బు కట్టేముందు సైడ్‌వాల్ మీద డీఓటీ అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. గాలి చల్లటి టైరులోనే కొట్టించాలి. 27 డిగ్రీల్లో 30 ఉన్న పీఎస్ఐ, టైరు 57 డిగ్రీలకు వేడెక్కితే 34 దాటుతుంది. దూరం నుంచి వచ్చి వేడి మీద బంకులో 30కి సరిచేయించుకుంటే, ఇంటికెళ్లి ఆరేసరికి 26 మిగులుతుంది.

కొత్త టైరు పైపొర అచ్చులోంచి వచ్చిన నునుపుతో మెరుస్తుంటుంది. మొదటి 150 కిలోమీటర్లు బ్రేకు గట్టిగా వేయకండి, మలుపుకు మలుపుకు కొంచెం కొంచెంగా వాల్చండి. ఆ మెరుపు మధ్యలోంచి మొదలై అంచుల దాకా పోయి, రబ్బరు మసక నలుపుకు తిరుగుతుంది. మెరుపు ఇంకా మిగిలిన చోటు దాకా ఆ రోజు వాల్చకండి.