చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారం ఎందుకు కిందికి ఉంటుంది?

జంక్షన్‌లో చేతికర్ర ఊతంతో రైలెక్కే పెద్దాయనను చిన్న ఊరి స్టేషన్లో కిందనుంచి ఒకరు నెట్టాలి, పైనుంచి ఒకరు లాగాలి. బండి ఆగేదేమో ఒకటి రెండు నిమిషాలే.

బ్రాడ్‌గేజ్‌లో పెట్టె నేల పట్టా పైతలం నుంచి 1.2-1.3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ప్లాట్‌ఫారాలు మాత్రం మూడు రకాలు: ఎత్తైనవి 760 నుంచి 840 మిల్లీమీటర్లు, తక్కువ ఎత్తువి 455 వరకు, మిగిలినవి పట్టా మట్టానికే. మొదటి రకంలోనే ఒకటిన్నర అడుగు ఎక్కాలి. మూడో రకంలో నాలుగడుగులు.

పట్టా మట్టానికి కట్టడంలో అప్పట్లో పొదుపుతో పాటు ఇంకో వెసులుబాటూ ఉండేది. వంతెన లేకుండానే జనం రెండో లైనుకు దాటేవారు. 1992లో మొదలైన యూనిగేజ్ పథకంలో (లైన్లన్నీ ఒకే కొలతకు తెచ్చే పథకం) మీటర్‌గేజ్ లైన్లు బ్రాడ్‌గేజ్‌కు మారినప్పుడు పెట్టెలు వెడల్పయ్యాయి, నేల ఎత్తు పెరిగింది. ప్లాట్‌ఫారం పనిని వాయిదా వేసిన చోట ఎక్కడం ఇంకా కష్టమైంది.

ఎవరూ పట్టించుకోని కారణం ఒకటుంది: కాలం గడిచేకొద్దీ పట్టాయే పైకి వస్తుంది. గజానికి 90 పౌండ్లు తూగే పాత పట్టా ఎత్తు 143 మిల్లీమీటర్లు, మీటరుకు 60 కిలోలు తూగే ఇప్పటి పట్టాది 172. పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క దిమ్మె, అంటే స్లీపరు, మందం సుమారు 130, కాంక్రీటుది పట్టా కూర్చునే చోట 210. కింద కంకర తవ్వి దించకుండా ఈ రెండూ మార్చారంటే ప్లాట్‌ఫారం ఎత్తులో పదకొండు సెంటీమీటర్లు పోయినట్టే. 760కి కట్టింది 650 అవుతుంది. స్లీపర్ల కింద కంకర దట్టించే ట్యాంపింగ్ మిషన్ లైనును సరిచేసినప్పుడల్లా ఇంకొంచెం లేస్తుంది. పోనీ తవ్వుదామంటే ప్లాట్‌ఫారం గోడ పునాది బయటపడే భయం, నీరు నిలిచే భయం.

ఎత్తు పెంచడమంటే పైన కాంక్రీటు పోయడం కాదు. అంచు రాయి లైను మధ్య నుంచి 1670-1680 మిల్లీమీటర్ల దూరంలోనే ఉండాలి. దగ్గరైతే పెట్టెకు తగులుతుంది, దూరమైతే సందులో కాలు జారుతుంది. వంపు లైన్లో లెక్క మళ్లీ వేరు. నేల వాలు 60కి 1 చొప్పున పట్టాలకు అవతలి వైపు ఉండాలి. ఆ వాలు స్టేషన్ భవనం వైపే కాబట్టి కాలువ తీయకపోతే వాననీరు టికెట్ కౌంటర్లోకి వస్తుంది. రెండు కొసల ర్యాంపు 6కి 1 కంటే నిటారుగా ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం వంతెన. అది లేకుండా ప్లాట్‌ఫారం ఒక్కటే లేపితే జనం రెండున్నర అడుగుల ఎత్తు నుంచి పట్టాల మీదికి దూకుతారు. రెండు పనులూ ఒకే అంచనాలో ఉండి తీరాలి.

2023 ఆగస్టులో 508 స్టేషన్లకు శంకుస్థాపన జరిగిన అమృత్ భారత్ స్టేషన్ల అభివృద్ధి పథకం 760-840 ఎత్తునే లక్ష్యంగా పెట్టుకుంది. జాబితాలో లేని హాల్టుల వాళ్లు అర్జీ పెట్టేముందు పట్టా పైతలం నుంచి అంచు రాయి దాకా రెండు కొసల్లోనూ, మధ్యలోనూ కొలిపించి ఆ అంకెలు రాయించాలి. పట్టాలు, స్లీపర్లు మార్చే పని మొదలవక ముందే ఇది జరగాలి, తర్వాత అడిగితే మళ్లీ తవ్వరు.