ఆ దుంగలు ఎవరివో ఎలా తెలుస్తుంది?

చిన్నీ, బాబీ,

మొన్న మీరు చూసిన పాత అమెరికా సినిమా గురించి వీడియో కాల్‌లో అడిగారు కదా, "తాతయ్యా, అందరి దుంగలూ ఒకే ఏట్లోకి తోసేస్తున్నారు, కింద మిల్లు దగ్గర ఎవరివి ఎవరివో ఎలా తెలుస్తుంది" అని. మీ నాన్నేమో ఈ బ్లాక్ అండ్ వైట్ ప్రేమకథలు పిల్లలకెందుకు అని విసుక్కున్నాడు, మీరేమో హీరోయిన్‌ని వదిలేసి దుంగల్ని చూశారు, శభాష్.

బాబీ మధ్యలో నిద్రపోయాడు కాబట్టి కథ రెండు ముక్కల్లో చెప్తా. సినిమా పేరు 'కమ్ అండ్ గెట్ ఇట్', 1936లో వచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్ అడవులు, కథ 1884లో మొదలవుతుంది. బార్నీ అని చెట్లు కొట్టేవాళ్ళ మీద మేస్త్రీ, పాటలు పాడే లోట్టా అంటే ప్రాణం, కానీ ఓనర్ కూతుర్ని చేసుకుంటే కంపెనీ చేతికొస్తుందని లోట్టాని వదిలేసి పోతాడు. లోట్టా వాడి స్నేహితుడు స్వాన్‌ని పెళ్ళి చేసుకుంటుంది. ఆ స్వాన్ వేషం వేసిన వాల్టర్ బ్రెనన్‌కే సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది, ఆ అవార్డు మొట్టమొదట అందుకున్నది ఆయనే.

సరే, దుంగల సంగతి. అక్కడ చెట్లు చలికాలంలో కొట్టేవాళ్ళు. దారి మీద నీళ్ళు చల్లితే రాత్రికి అద్దంలా గడ్డకట్టేది, దాని మీద చక్రాల్లేని బండ్లలో గుర్రాలు కొండంత లోడు లాక్కుపోయేవి. ఏటి ఒడ్డున గుట్టలేసి, మంచు కరిగి ఏరు పొంగాక లోపలికి తోసేవాళ్ళు. పైన్ కలప కదా, తేలిపోతుంది.

ఇప్పుడు మా చిన్నప్పటి చాకలిరేవు గుర్తు చేసుకుంటా. ఊరందరి బట్టలూ ఒకే రేవులో కలిపి ఉతికేవాళ్ళు, అయినా సాయంత్రానికి ఎవరింటి మూట వాళ్ళింటికి వచ్చేసేది. ఎలా అంటే నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన ఇంటికో గుర్తు పెట్టేవాళ్ళు, ఎన్ని ఉతుకులైనా పోదు. మా ఇంటి గుర్తు రెండు చుక్కలు, ఒక అడ్డగీత. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, మేమేమో అక్కడే తిరిగేవాళ్ళం. దుంగలకీ అంతే, కంపెనీకో గుర్తు, గవర్నమెంటు దగ్గర రిజిస్టర్ చేయించుకుని, ఆ అచ్చు ఉన్న సుత్తితో దుంగ చివర గట్టిగా కొట్టేవాళ్ళు. ఒకటి కాదు, చాలా చోట్ల, ఎందుకంటే దుంగ నీళ్ళలో దొర్లుతుంది కదా, ఎటు తిరిగినా ఒక గుర్తయినా పైకి కనపడాలి. కింద ఏటికి అడ్డంగా తేలే దుంగల్ని గొలుసులతో కంచెలా కట్టి, అక్కడ గుర్తు చూసి ఎవరి మూట వాళ్ళకి విడదీసేవాళ్ళు, అదే మూట అంటున్నా చూడు, దుంగలు. దొంగలు కూడా ఉండేవాళ్ళు, చివర రంపంతో కోసేసి తమ గుర్తు కొట్టుకునేవాళ్ళు. చొక్కా మూల కత్తిరిస్తే చొక్కా పాడవుతుంది, దుంగ ఒక జానెడు తగ్గితే ఎవడికి తెలుస్తుంది?

తడిబట్టలు మెలిపడ్డట్టు దుంగలు ఒక్కోసారి ఏరంతా అడ్డంపడి బిగుసుకుపోతాయి. అప్పుడు మేకుల బూట్లేసుకుని, కొక్కెం కర్రలు పట్టుకుని వాటి మీద నడిచి, ఏ దుంగ కదిపితే అన్నీ కదులుతాయో పట్టుకునేవాళ్ళు. అది కదిలిందంటే పరిగెత్తడమే, ఎంతమంది పోయారో అలా. వేల దుంగల్లో ఆ ఒక్కదాన్ని ఎలా కనిపెట్టేవాళ్ళురా, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

బార్నీ చెట్లన్నీ కొట్టించాడు, కనపడిన దుంగకల్లా తన గుర్తు కొట్టుకున్నాడు, మళ్ళీ ఒక్క మొక్క నాటించలేదు. ముసలయ్యాక లోట్టా కూతురు కనపడితే, తల్లీకూతుళ్ళిద్దరి వేషాలూ వేసింది ఫ్రాన్సెస్ ఫార్మరే, ఈ పిల్లని కూడా అలాగే తనదాన్ని చేసుకోవచ్చు అనుకున్నాడు. ఆ పిల్ల వాడి కొడుకుని ఇష్టపడింది. డబ్బుతో అన్నిటికీ గుర్తు కొట్టలేం నాయనా, అంతకంటే ఎక్కువ చెప్తే మీ నాన్న తిడతాడు.

ఆదివారం మీ ఊళ్ళో కలప అడితికి వెళ్ళండి. దుంగల చివరలు చూడండి, ఫారెస్టు వాళ్ళు సుత్తితో కొట్టిన గుర్తు ఉంటుంది, ఓనర్ని అడిగితే చూపిస్తాడు. కాగితం మీద గీసి ఫోటో తీసి నాకు పంపండి, చెప్పులేసుకుని వెళ్ళండి, మేకులుంటాయి.

మీ తాతయ్య